సుక్కబర్రె రెండో కన్ను

మెదక్,
జూన్ 18.

ఎల్లం బావకు ఐలయ్య నమస్కారాలు.

ఫోన్ చేయడం మానేశాను, తప్పుగా అనుకోకు. నేను ఇక్కణ్నుంచి అరుస్తాను, నువ్వు అక్కణ్నుంచి "ఆఁ" అంటావు, మధ్యలో మా వాడకట్టు మొత్తానికి మన ఇంటి సంగతులు తెలుస్తాయి. నలభై ఏండ్లు రంపపు మిషను పక్కన నిలబడి రెండు చెవులూ దానికే రాసిచ్చినవాడివి నువ్వు. కాగితానికైతే చెవుడు లేదు. పోస్టులో వేస్తే ఎప్పుడు చేరుతుందో తెలియదు గనక అల్లాదుర్గ్ బస్సు నడిపే పరమేశ్ చేతికిస్తున్నాను. మీ బస్టాండు ముందరి చాయ్ హోటల్లో ఇస్తాడు. నేను కండక్టరుగా చేసిన చివరి ఆరేండ్లూ నా డ్రైవరు అతనే. బ్రేకు కంటే హారను మీద నమ్మకం ఎక్కువ, మనిషి మాత్రం నమ్మదగినవాడు.

విషయానికి వస్తాను. వస్తానని చెప్పి పక్కకు పోవడం నాకు కొత్త కాదు. ముప్పై మూడేండ్లు ఒకే రూటు, అవే స్టేజీలు. ఒక్కనాడైనా బస్సును పక్క సందులోకి తిప్పమని చెప్పలేకపోయాను. ఆ తిప్పడమేదో ఇప్పుడు ఉత్తరాల్లో తిప్పుకుంటున్నాను.

నేను కొయ్యతో ఒక బర్రెను చెక్కుతున్నాను.

నవ్వడం అయినంక మిగతాది చదువు. పాత మంచం విరిగితే దాని కోడు ఒకటి తీసిపెట్టాను, తుమ్మది. కూరగాయల కత్తి ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మూడు రోజులకు కోడు మీద పిల్లి గీరినట్టు నాలుగు గీతలు పడ్డాయి. ఐదో గీత నా బొటనవేలు మీద పడింది. పుస్తకం చూసి నేర్చుకుందామని గ్రంథాలయానికి పోయాను. పదో తరగతి తప్పినవాణ్ని, నాకు వచ్చిన చదువంతా ఆ గ్రంథాలయంలోను, జనం బస్సులో వదిలేసి పోయిన కాగితాల్లోను దొరికిందే. అక్కడ తేనెటీగల పెంపకం మీద మూడు పుస్తకాలున్నాయి. చెక్కపని మీద ఒక్కటీ లేదు. తేనెటీగల గురించి మాత్రం ఇప్పుడు నన్ను ఏమైనా అడుగు.

బర్రె ఎందుకంటావా, ఊసుపోక. మా సుక్కబర్రె యాదికుంది గదా, నుదుట రూపాయి బిళ్లంత తెల్లచుక్క. అది పోయి పదకొండేండ్లయింది. దాన్నే చెక్కుదామని. ఈ చెక్కపని, వడ్లపని, నీకు తాత ముత్తాతల నుంచి వచ్చింది, నాకు డెబ్బై ఒకటో ఏట వచ్చింది. ఎట్లా మొదలుపెట్టాలో రెండు ముక్కలు రాయి.

నీ చెల్లె శివమ్మ బాగానే ఉంది.

నీ బావ,
ఐలయ్య


అల్లాదుర్గ్,
జులై 2.

ఐలయ్య బావకు ఎల్లం రాసేది.

నువ్వు సదువుకున్నోనివి. నేను నాలుగో తరగతి. మాట్లాడినట్టే రాస్త.

తుమ్మకోడు మీద చెక్కుడు నేర్సుకుంటున్నవా. తుమ్మ నాగలికి పనికొస్తది, బండికి పనికొస్తది, నీ నెత్తి పలగ్గొట్టనీకి పనికొస్తది. బొమ్మకు పనికిరాదు. పరమేశ్ తోని గుమ్మడిటేకు ముక్క పంపుతున్న. మూరెడు పొడుగు, జానెడు ఎత్తు. మెత్తటి చెక్క, చెప్పిన మాట ఇంటది. ఉలులు రెండు పెట్టిన. ఒకటి ఎడల్పుది, ఒకటి సన్నది. నాకు మస్తున్నయి, వాపసు పంపకు. కూరగాయల కత్తి వంటింట్ల పెట్టు.

మొదలు పక్క నుంచి బర్రె ఎట్లుంటదో చెక్క మీద పెన్సిలు తోని గియ్యి. మోటుగ తీసుకుంట పో. ఉలి ముంగట ఎడమ చెయ్యి ఎన్నడు పెట్టకు. ముఖం జోలికి ఇప్పుడే పోకు. కొత్తగ నేర్సుకునేటోడు ముందుగాల ముఖం చేస్తడు, పెయ్యి, కాళ్లు, తోక వచ్చేవరకు చెక్క అయిపోతది.

ఇంకొక మాట. నీ ఉత్తరం కింద చెల్లె ఎప్పుడు రెండు ముక్కలు రాస్తుండె. అన్నా పెయ్యి మంచిగున్నదా, మందులు ఏసుకుంటున్నవా అని. ఈసారి లేదు. బాగానే ఉంది అని నువ్వు రాసినవు. ఆ మాట ఆమె రాయాలె గద.

శివమ్మ నా తోడబుట్టింది కాదు, పక్కింటి పిల్ల. మా నాయిన పని చేస్తుంటె చెక్కపొట్టుల ఆడుకున్నది. అన్నా అన్నది, అంతే. నిన్ను నేను బావ అంటున్న అంటె అదొక్క మాట తోనే. ఏమైంది చెప్పు.

ఎల్లం


మెదక్,
జులై 20.

బావా,

నీ చెక్క అందింది. ఉలులు అందాయి. నీ చివరి మాట కూడా అందింది. దానికి జవాబు రాయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మూడుసార్లు రాసి చింపాను.

శివమ్మ బాగా లేదు. రెండేండ్లయింది. మొదట తాళంచెవులు పోయాయి, తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఈ వయసులో ఎవరికి పడదు అనుకున్నాను. తర్వాత వారాలు పోయాయి, పేర్లు పోయాయి. ఉగాది నుంచి నేను పోయాను. నా ముఖం ఆమెకు తెలియడం లేదు. దవాఖానలో డాక్టరు ఇది తగ్గేది కాదు, మీరు ఓపిక పట్టాలి అన్నాడు. ఓపిక ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో చీటీ రాయండి సార్ అన్నాను. అతను నవ్వలేదు. చాలామంది ఆ మాటే అని ఉంటారు.

బిడ్డ యాదలక్ష్మి నీకు తెలుసు, రెండు సందుల అవతలే ఉంటుంది. అంగన్వాడీకి పోయేముందు వచ్చి తల్లికి స్నానం చేయించి పోతుంది. బిడ్డ పేరు ఒకనాడు తెలుస్తుంది, ఒకనాడు తెలియదు, కానీ భయపడదు. భయం నేనంటేనే. ఇంట్లో ఎవడో పరాయి మగవాడు తిరుగుతున్నాడని ఆమె బాధ. చీపురు పట్టుకుని నిలబడుతుంది. "ఎవలు నువ్వు, మా ఆయన ఇంట్ల లేడు, బయటికి నడువు" అంటుంది. నేను నడుస్తాను. అన్నం అరుగు మీద తింటాను. మాత్ర మింగించబోతే విషం పెడుతున్నానంటుంది. రోజూ ఇదే, బావా. కోపం కూడా అలిసిపోయింది నాకు.

ఇంత గొడవలోనూ ఆమె బకెటు పట్టుకుని సుక్క కోసం వెతుకుతుంది. కొట్టంలో ఇప్పుడు కిరాయి వాళ్ల మోటారు సైకిళ్లు పెడుతున్నారు. "సుక్కకు కుడితి పెట్టలె, దాన్ని ఎవలు ఇప్పుకపోయిండ్రు" అని ఆ బండ్ల మధ్య తిరుగుతుంది. బర్రె దొరికితే నెమ్మది పడుతుందేమోనని చెక్కడం మొదలుపెట్టాను. ఊసుపోక అని రాసింది అబద్ధం. ఊసు నాకు కావలసినంత ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. పోయిన ఆదివారం నీ గుమ్మడిటేకు ముక్క ముందర పెట్టుకుని అరుగు మీద చెక్కుతున్నాను. శివమ్మ తలుపు దాకా వచ్చింది. చీపురు కోసం వచ్చిందనుకుని లేవబోయాను. ఆమె వంగి చెక్కపొట్టు గుప్పెడు తీసుకుని వాసన చూసింది. గడప మీద కూర్చుంది.

"వడ్లాయనా, మిమ్మల్ని ఎవలు పిలిచిండ్రు? మా ఆయననా?"

ఉలి కింద పెట్టాను. "ఔనమ్మా" అన్నాను.

"ఏ ఊరోల్లు?"

"అల్లాదుర్గ్ ఎల్లం పంపిండమ్మా."

"ఎల్లమన్న పంపిండా. గట్లయితె చాయ్ తాగుండ్రి."

నాలుగు నెలల తర్వాత నా భార్య చేతి చాయ్ తాగాను. చక్కెర మర్చిపోయింది. నేను గుర్తు చేయలేదు.

ఒకసారి వచ్చిపో బావా.

ఐలయ్య


అల్లాదుర్గ్,
ఆగస్టు 5.

బావకు ఎల్లం రాసేది.

నీ ఉత్తరం రెండుసార్లు సదివిన. మూడోసారి సదవలేదు.

చెక్క వాసన ఆమె మరవదు. మా నాయిన ఏ చెక్క కోసినా వాసన చూసి పేరు చెప్తుండె పిల్లప్పుడు.

వడ్లాయన అన్నది గద, వడ్లాయన లెక్కనే ఉండు. ఒక సంగతి మాత్రం యాది పెట్టుకో. మా ఇంట్ల ఆచారం ఉన్నది. దేవుని గుర్రమైనా, పిల్లల బొమ్మైనా, కన్ను ఆఖర్న తెరుస్తం. కన్ను తెరిస్తె పనైపోయినట్టు. ఇంటి ఆడబిడ్డ చాటల బియ్యం పోసి, భుజం మీద టువాల కప్పి పంపియ్యాలె. పని చేసినోడు గడప దాటి ఎనకకు చూడకుండ పోవాలె. మళ్ల ఆ పని పేరు మీద ఆ ఇంటికి రావద్దు. మా ఇంట్ల చేసిన బొమ్మకు గూడ ఇదే లెక్క, కాని మా ఇంట్ల ఆడపిల్లలు లేకుండె. కన్ను తెరిచిన నాడు చాట పట్టుకొచ్చి బియ్యం పోసేది శివమ్మనే. అందుకని చెప్తున్న, కన్ను జోలికి పోకు.

రమ్మన్నవు. దర్వాజల ఆర్డరు ఉన్నది, తీరదు. చెక్క సుత్తి, ఆకురాయి, సానరాయి పంపుతున్న. ఉలి పొద్దుగాల ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి సానకు పట్టు. మొండి ఉలి తోనే చేతులు తెగుతయి.

ఎల్లం


మెదక్,
సెప్టెంబరు 28.

బావా,

ఈ రెండు నెలలు నేను ఎంత గొప్పగా బతికానో నీకు చెప్పాలి. పొద్దున్నే తువ్వాల తలకు చుట్టుకుని వీధిలోకి పోయి, మళ్లీ మా ఇంటికే వచ్చి, "అమ్మా, వడ్లపని" అంటాను. ఆమె తలుపు తీస్తుంది. ఎదురింటి సాల్మన్ రాజు, రిటైరైన హెడ్మాస్టరు, మొదటి రోజు ఇది చూసి నాకూ మతి పోయిందనుకున్నాడు. సంగతి చెప్పాను. అప్పట్నుంచి నేను వీధిలోకి రాగానే "ఏం మేస్త్రీ, పనికా?" అని గట్టిగా అడుగుతున్నాడు, లోపలికి వినపడేటట్టు. పెద్దమనిషి.

మాత్రలు కూడా మింగుతోంది. "మీ ఎల్లమన్న పంపిండమ్మా" అంటే చాలు. నీ పేరు మీద నేను ఎన్ని అబద్ధాలు ఆడుతున్నానో లెక్క లేదు.

ఇక నా పనితనం. బర్రెను నిలబెట్టి చెక్కాను. కాళ్లు సన్నగా, చూడముచ్చటగా తీశాను. చెక్కలో నార పొడుగునా పోతుంది, కాళ్లకేమో అడ్డం పడుతుంది అన్న జ్ఞానం నాకు మూడో కాలు విరిగినంక కలిగింది. విరిగిన కాళ్లు చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వీపు నొప్పి, కండ్లు మంటలు, చచ్చిపోయినోళ్లందరూ హాయిగా నిద్రపోతున్నారు గదా అనే ఈర్ష్య. శివమ్మ చూసింది.

"పండుకోబెట్టుండ్రి పాపం. ఎంతసేపని నిలబడ్తది."

అంతే. నాలుగో కాలు నేనే తీసేశాను. కడుపు కింద మిగిలిన చెక్కలో మడిచిన కాళ్లు వచ్చాయి. ఇప్పుడు నెమరువేస్తూ పడుకున్న బర్రె. నాకూ కొంచెం కూర్చున్నట్టయింది.

కొమ్ముల దగ్గర మళ్లీ తిట్లు పడ్డాయి. రెండూ ఒక్క తీరుగా గీశాను. "ఇది ఎవలి బర్రె? మా సుక్కకు ఎడమ కొమ్ము చెవి మీదికి వంగి ఉంటది. ఆ సందుల గోమార్లు చేరి నెత్తురు తాగుతుంటె నేనే ఏరుతుంటి. మీరు ఎన్నడన్న బర్రెను చూసిండ్రా?" అంది. చూశాను బావా. పద్నాలుగేండ్లు ఆ బర్రె పాలతో చాయ్ తాగాను. కొమ్ము వంగిన సంగతి నాకు తెలియదు. మెడ కింద తోలు ఎన్ని మడతలో, తోక కుచ్చు ఎంత పొడుగో ఆమె చెబుతోంది, నేను చెక్కుతున్నాను. ఈ బర్రెను చెక్కుతున్నది ఆమె. ఉలి మాత్రం నా చేతిలో ఉంది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను. "మీ ఆయన ఎట్లాంటోడమ్మా?"

"మంచోడే. ముచ్చట్లు మస్తు చెప్తడంట."

"అంట ఏందమ్మా?"

"బస్సుల అందరికి చెప్తడు. ఇంటికొచ్చెవరకు అన్నీ అయిపోతయి."

చాయ్ గ్లాసు నోటికి పెట్టుకున్నాను. అది ఖాళీ అయి చాలాసేపయిందని తర్వాత తెలిసింది.

మర్నాటి నుంచి చెక్కుతూ కథలు మొదలుపెట్టాను. రేగోడ్ నుంచి ఎక్కిన మేక సంగతి చెప్పాను. నీకు చెప్పాను గదా, పెద్దమేక, నడిమిట్ల నిలబడి అటూ ఇటూ చూసుకుంటూ పన్నెండు మంది టికెట్లు మేసింది, చెకింగ్ వాళ్లు ఎక్కితే బస్సంతా దాని కడుపు వైపు చెయ్యి చూపించారు. ఈ కథ నేను వెయ్యిమందికి చెప్పి ఉంటాను. శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కండ్లు తుడుచుకుని, "మా ఆయనకు చెప్పాలె ఇది. ఆయన గూడ బస్సు మీదనే" అంది.

నాకు ఒక ఆశ పుట్టింది. దాచుకోకుండా చెబుతున్నాను. బొమ్మ పూర్తయి, సుక్కను చూసి సుక్క అని పోల్చుకున్న నిమిషంలో, పక్కన నిలబడ్డవాడు ఎవడో కూడా తెలుస్తుందేమో. ఒక్క నిమిషం చాలు. ఐలయ్య అని ఒకడు ఇంటికొచ్చాడని ఆమెకు తెలియాలి. చాలా ఆలస్యంగా వచ్చాడు, నిజమే.

నీ దర్వాజలు ఇంకా కాలేదా?

ఐలయ్య


అల్లాదుర్గ్,
అక్టోబరు 20.

బావకు ఎల్లం.

దసరాకు పనిముట్లకు పూజ చేసిన. పసుపు కుంకుమ పెట్టి సంచిల కట్టిన. ఆ సంచి నీకే పంపుతున్న. అండ్ల చెక్క చెక్కే బాడిస మా నాయినది, జర పైలం. పనిముట్టు పనిల ఉండాలె.

నీ ఆశ సదివిన. వద్దు బావా. చెక్క మీద ఎంత బరువు పెట్టాలెనో అంతే పెట్టాలె. బర్రె బర్రె పని చేస్తది. మొగుణ్ని యాది చేసే పని దాని మీద ఏస్తె విరుగుతది. ఇప్పుడు చాయ్ ఇస్తున్నది, నవ్వుతున్నది. అది సాలదా.

సాలదని నాకు తెలుసు. అయినా చెప్తున్న. కన్ను తెరవకు.

ఎల్లం


మెదక్,
డిసెంబరు 3.

బావా,

తెరిచాను.

నువ్వు రెండు ఉత్తరాల్లో రాశావు. రెండూ చదివాను. బొమ్మ అంతా అయిపోయింది, గరుకు కాగితం పెట్టి రుద్దాను, నుదుట చుక్కకు కొంచెం సున్నం పెట్టాను. కన్ను లేని బర్రె నన్ను చూస్తున్నట్టూ లేదు, చూడనట్టూ లేదు. పోయిన నెల ఇరవై మూడున, ఆదివారం, చర్చి గంటలు కొడుతుంటే సన్న ఉలి తీసుకున్నాను. కుడి కన్ను ఒక్కటి తీశాను. గింజంత కన్ను. తీసిన మరుక్షణం అది నన్ను చూసింది. నిజం చెబుతున్నాను, చెయ్యి ఆగిపోయింది, రెండో కన్ను పెట్టలేకపోయాను. ఎడమవైపు గోడకు తిప్పి గడపలో పెట్టి, "అమ్మా, ఒకసారి రాండ్రి" అన్నాను. తలగుడ్డ తీసేశాను. మేస్త్రీగా కాకుండా నేనుగా నిలబడదామని.

శివమ్మ వచ్చింది. కూర్చుంది. వంగిన కొమ్ము కింద వేలు పెట్టి గోకింది. "సుక్కా" అని పిలిచింది. బావా, ఆ పిలుపు అచ్చంగా వెనకటిదే. నేను ఒక అడుగు ముందుకు వేశాను. తలెత్తి నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"కన్ను తెరిచిండ్రు" అంది.

లోపలికి పోయింది. చాటలో బియ్యం పోసుకుని వచ్చింది. ఎక్కడ దాచిందో, కొత్త తువ్వాల ఒకటి, నా రిటైర్మెంటు నాడు డిపో వాళ్లు కప్పిందే. అది నా భుజం మీద వేసింది. వేళ్లు ఎంత మర్యాదగా తగిలాయో.

"మంచిగ చేసిండ్రు. ఎల్లమన్నకు చెప్పుండ్రి. ఇగ పోయిరాండ్రి."

"శివమ్మా, నేను" అన్నాను.

"ఎనకకు చూడొద్దు, పోండ్రి" అని గొళ్లెం పెట్టుకుంది.

తువ్వాలలో బియ్యం మూట కట్టుకుని మా ఇంటి అరుగు మీదే సాయంత్రం దాకా కూర్చున్నాను. యాదలక్ష్మి వచ్చి తలుపు కొట్టి లోపలికి తీసుకుపోయింది. నన్ను చూడగానే శివమ్మ కోపం చేయలేదు. కోపమైతే నాకు అలవాటే. సిగ్గుపడింది. నా తప్పు తాను కప్పిపుచ్చుతున్నట్టు బిడ్డతో మెల్లగా అంది, "పనైపాయె గద. బియ్యం సరిపోలేదంటనా? మళ్ల ఎందుకొచ్చిండు?"

పది రోజులుగా నేను బిడ్డ ఇంట్లో పడుకుంటున్నాను, బిడ్డ తల్లి దగ్గర పడుకుంటోంది. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. దానికి ఉద్యోగం, సంసారం ఉన్నాయి. శివమ్మ మాత్రలు మళ్లీ ఉమ్మేస్తోందట. నాకు మొగుడిగా చోటు పోయి ఎనిమిది నెలలు. ఇప్పుడు మేస్త్రీగా కూడా పోయింది. ఆ ఇంట్లో నాకు ఇంకో ఉద్యోగం ఏదీ తోచడం లేదు.

మీ ఆచారంలో దీనికి తిరుగు ఉందా? ఉంటే రాయి. లేకపోతే కూడా రాయి.

మరొక మాట. ఉలులు, సుత్తి, సానరాయి, చివరికి మీ నాయిన బాడిస. వడ్లాయన బాడిస ఇచ్చేశాడంటే కండక్టరు టికెట్ మిషను ఇచ్చేసినట్టే. నీ అక్షరాలు కూడా ఉత్తరం ఉత్తరానికి పెద్దవవుతున్నాయి, వంకర పోతున్నాయి. నన్ను అడిగావు గదా చెల్లె ఎందుకు రాయలేదని. నేనిప్పుడు అడుగుతున్నాను. ఏ దర్వాజల ఆర్డరు బావా అది?

ఐలయ్య


అల్లాదుర్గ్,
డిసెంబరు 9.

బావకు ఎల్లం రాసేది. ఈ ఉత్తరం రాయనీకి మూడు రోజులు పట్టింది. అక్షరాలు కూడబలుక్కొని సదువు.

దర్వాజలు లేవు. రెండు దసరాల నుంచి ఉలి పట్టలేదు. చేతులు వణుకుతయి. చాయ్ సగం సాసర్లనే తాగుత. చెప్పబుద్ది కాలేదు. వణికే చెయ్యి ఇంట్ల ఉంటె పనిముట్లు తుప్పు పడ్తయి, నీకన్న పనికొస్తయని పంపిన.

నేను మీ ఇంటికి రానిది మాత్రం చేతుల వల్ల కాదు. నేనొస్తె చెల్లె నన్ను గుర్తుపడ్తది. ఎల్లమన్నా అని పిలుస్తది. పక్కన నువ్వు నిలబడి ఉంటవు. ఆ ముచ్చట నీ ముంగట జరగొద్దనుకున్న.

ఇగ నీ సంగతి. ఒక కన్ను తెరిచిన అన్నవు. ఒక్కటే గద? ఆ లైను నాలుగుసార్లు సదివిన. ఒక కన్ను తెరిస్తె పని కాలేదు. రెండు కండ్లు తెరిస్తెనే పని. మా నాయిన ఒక ఊర్ల దేవుని గుర్రానికి ఒక కన్ను తెరిచి, రెండోది తెరవకుండ మూడేండ్లు పోయొచ్చిండు. ఏమయ్యా అంటె చెక్క ఆరలేదు అంటుండె. ఆ ఇంట్ల జొన్నరొట్టె, తొక్కు మంచిగుంటుండె, అదీ సంగతి. ఊరోల్లు ఎవలు కాదనలేదు. ఒంటికన్ను గుర్రానికి బియ్యం ముడితె పాపం.

ఆ బియ్యం ముట్టినవా? ముట్టకుంటె తీస్కపోయి వాపసియ్యి. పని కాలేదు, బియ్యం నాకు పడదు అని చెప్పు. ఆమెకు తెలుసు ఈ లెక్క. చిన్నప్పుడు ఒకసారి ఆమెనే మా నాయినను పట్టుకున్నది, పెద్దనాయినా ఇంకో కన్నేది అని.

నువ్వు తొందరల సగం పనే చేసినవు. మంచిపనోడు అయితె రెండు తెరుస్తుండె. నువ్వు కొత్తోనివి కాబట్టి బతికినవు.

రెండోది ఎప్పుడు తెరవాలె అని మళ్ల ఉత్తరం రాయకు.

ఎల్లం


మెదక్,
డిసెంబరు 21.

బావా,

బియ్యం ముట్టలేదు. కట్టిన మూట కట్టినట్టే ఉంది. తలగుడ్డ చుట్టుకుని, నీ సంచి భుజాన వేసుకుని పోయాను. సాల్మన్ రాజు సారు గేటు దగ్గర నిలబడి, "ఏం మేస్త్రీ, పనికా?" అన్నాడు.

తలుపు తట్టాను. సందులోంచి చూసింది.

"మళ్ల ఎందుకొచ్చిండ్రు?"

"బియ్యం వాపసియ్యనీకి వచ్చినమ్మా. పని కాలేదు. ఇది నాకు పడదు."

"కాకపోవుడేంది? కన్ను తెరిచిండ్రు గద."

"ఒకటే తెరిచిన. ఎడమ దిక్కు చూడుండ్రి."

గొళ్లెం తీయలేదు. లోపలికి పోయిన చప్పుడు వినిపించింది. నేను గడప అవతల మూట పట్టుకుని నిలబడ్డాను. ముప్పై మూడేండ్లలో ఎన్నో తలుపులు తీశాను, వేశాను, "రైట్ రైట్" అన్నాను. ఒక తలుపు తెరుచుకోవడం కోసం ఇంతసేపు నిలబడింది మాత్రం లేదు. నిలబడి నిలబడి కాళ్లు పీకాయి. ఆమె తెరవకపోతే ఎక్కడికి పోవాలో ఆలోచించి పెట్టుకోలేదు.

గొళ్లెం తీసింది. బర్రెను చంకలో పెట్టుకుని ఉంది. నున్నగా ఉన్న ఎడమవైపు బొటనవేలుతో తడుముతోంది.

"గిదేం పని? బర్రె ఒక్క కన్నుతోని చూస్తదా? ఎల్లమన్న నాయిన గూడ గిట్లనే చేస్తుండె. రాండ్రి లోపటికి."

లోపలికి పోయాను. బియ్యం చాటలో పోసింది, చాట గూట్లో పెట్టింది. నేను గడప పక్కన కూర్చుని సంచి విప్పాను.

"ఎన్నొద్దులు పడ్తది?"

"చెక్క ఆరలేదమ్మా. జర టైం పడ్తది."

శివమ్మ వీధిలోకి చూసింది. బిడ్డకు పోలిక వచ్చిన ఆ ముక్కు, ఆ గడ్డం అన్నీ అట్లాగే ఉన్నాయి.

"పడనియ్యుండ్రి" అంది. "మా ఆయన వచ్చేదాక ఉండుండ్రి. ఒక్కదాన్నే ఉంటె బుగులైతది."

అట్లాగేనమ్మా అన్నాను. ఉలిని సానకు పట్టాను. అది పదునుగానే ఉంది. అయినా పట్టాను, చేతికి ఏదో ఒక పని ఉండాలి గదా. మేక సంగతి మళ్లీ చెప్పమంది. చెప్పాను. మళ్లీ కొత్తగా నవ్వింది. ఈ ఒక్క విషయంలో నేను అదృష్టవంతుణ్ని, నా దగ్గర ఉన్న కథలు ఈ జన్మకు అయిపోవు. రాత్రికి మేస్త్రీ అరుగు మీద పడుకుంటాడని యాదలక్ష్మి తల్లిని ఒప్పించింది. చలిగా ఉంది, అయినా మన ఇల్లే.

ఆశ సంగతి అడుగుతావేమో. దాన్ని బర్రె మీద నుంచి దింపేశాను. నువ్వన్నట్టు అది మోయలేదు.

నువ్వు రా బావా. నిన్ను గుర్తుపడితే పట్టనీ. ఆ పిలుపు పక్కన నిలబడి వింటాను, నాకేం కాదు. సాసర్లో చాయ్ పోసి ఇస్తాను.

ఉత్తరం ఎవరికని శివమ్మ అడిగింది. మీ ఎల్లమన్నకు అన్నాను. పెన్ను ఇటియ్యుండ్రి అంది. కింద రాసింది ఆమే. నేను దిద్దలేదు.

ఐలయ్య


అన్నకు శివమ్మ రాయునది. పెయ్యి మంచిగున్నదా. మందులు ఏసుకో. నువ్వు పంపిన వడ్లాయన మంచోడు, పని మెల్లగ చేస్తడు, తొందర పెట్టకు. మా ఆయన ఇంక రాలేదు. వస్తె చెప్త.